తెర నిండా మనుషులు

రండి, ఇటుపక్కకి వచ్చి కూర్చోండి. అటు కూర్చుంటే పొగ మీ కళ్లలోకి కొడుతుంది. తాటాకులింకా పచ్చి ఆరలేదు, రెండు కొబ్బరిమట్టలు వేస్తే మంట నిలబడుతుంది. పండక్కి ఇంకా వారం ఉండగానే పిల్లలంతా దిగిపోయారు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఈ వాకిట్లో చలిమంట చుట్టూ చేరడం, ఎక్కడ మొదలుపెట్టినా చివరికి సినిమాల మీదికి రావడం అలవాటైపోయింది.

నిన్న మా మేనకోడలు అడిగింది. "మామయ్యా, నలభై అయిదేళ్లుగా సినిమాలు చూస్తున్నావు గదా, నీ హీరో ఎవరు?" అని. నేను ఆలోచించకుండా "అల్లు రామలింగయ్య" అన్నాను. పిల్లలంతా నవ్వారు. వాళ్లకి ఆయన అల్లు అర్జున్ తాతగారు. నేను నవ్వలేదు. నిజంగానే చెప్పాను. ఎందుకో మీకు చెప్పాలనిపించే పిలిచాను, తీరిగ్గా కూర్చోండి.

మూడు సినిమాలు తీసుకోండి. 1957లో 'మాయాబజార్', 1975లో 'ముత్యాలముగ్గు', 1980లో 'శంకరాభరణం'. కె.వి.రెడ్డి, బాపు, విశ్వనాథ్. ముగ్గురు దర్శకులకీ ఒకరితో ఒకరికి పోలికే లేదు. ఒకటి పురాణం, ఒకటి గోదావరి పక్క కుట్రల కథ, ఒకటి సంగీతం. మూడింట్లోనూ ఒక మనిషి ఉన్నాడు. పాలకొల్లులో 1922లో పుట్టి, హోమియోపతి మందులిస్తూ, నాటకాలాడుతూ, 1953లో 'పుట్టిల్లు'తో తెరమీదికి వచ్చిన ఆ పొట్టి మనిషి. మొదటిదాంట్లో కౌరవుల వెంట తిరిగే శర్మ, శాస్త్రి జంటలో ఒకడు. రెండోదాంట్లో దుర్మార్గానికి చేయందించే బంధువు. మూడోదాంట్లో శంకరశాస్త్రి స్నేహితుడు, లాయరు మాధవయ్య. ఊరంతా దూరంగా నిలబడి దండంపెట్టే ఆ పెద్దమనిషి పక్కన చనువుగా కూర్చుని మాట్లాడగలిగినవాడు ఆయనొక్కడే. మాధవయ్య లేకపోతే శంకరశాస్త్రి మనకి విగ్రహంలా మిగిలిపోయేవాడు. స్నేహితుడుండబట్టి మనిషయ్యాడు.

మంచి తెలుగు సినిమా అంటే నాకు అలాంటిదే. హీరో బతకడానికి ఒక ఊరుండాలి, ఆ ఊళ్లో పేరున్న మనుషులుండాలి. వంటవాడు, పక్కింటావిడ, మేనమామ, అప్పులవాడు, ఆఫీసులో పైఅధికారి. వాళ్లకి రెండు నిమిషాలే ఇచ్చినా, ఆ రెండు నిమిషాలూ తెర వాళ్లదై ఉండాలి. ఈ లెక్కన చూస్తే కొన్ని పెద్ద సినిమాలు నాకు ఖాళీగా కనిపిస్తాయి, కొన్ని చిన్న సినిమాలు కిటకిటలాడతాయి.

ఈ పిచ్చి నాకెక్కడ పట్టుకుందో బాగా గుర్తు. మాది కృష్ణాజిల్లా. ఊరి చివర డేరా హాలుండేది. ముందు నేల, వెనక బెంచీలు, ఆ వెనక నాలుగు కుర్చీలు. మధ్యలో తడిక అడ్డం పెట్టి ఆడవాళ్లకి వేరే చోటు. సాయంత్రం మైకులో ఘంటసాల వేంకటేశ్వరుడి పాట మొదలైందంటే టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. మా అమ్మమ్మ వంట ముగించి, చాపా చెంబూ నా నెత్తిన పెట్టి, "పదరా నాన్నా, పేర్లు పడిపోతాయి" అని తొందరపెట్టేది. పేర్లు పడేటప్పటికి కూర్చోకపోతే సినిమా చూసినట్టే కాదని ఆవిడ నమ్మకం.

ఆ డేరాలో ఒకటే మెషీను. రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి. ఆపరేటరు కొత్త రీలు ఎక్కించేదాకా అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లోనే నేను సినిమా చూడ్డం నేర్చుకున్నాను. ఎందుకంటే, తడికకి అటుపక్క ఆడవాళ్లంతా అప్పుడే మాట్లాడుకునేవారు. వాళ్ల మాటల్లో హీరో హీరోయిన్లు పెద్దగా వచ్చేవారు కాదు. 'గుండమ్మ కథ' రోజున, "అచ్చం మా ఆడబిడ్డే వదినా" అని ఒకావిడ అంటే, "మీ ఆడబిడ్డ నయం, ఈవిడకి చెప్పుడుమాటలు చెప్పేవాళ్లు పక్కనే ఉన్నారు" అని మా అమ్మమ్మ అంది. గుండమ్మ వేసిన సూర్యకాంతాన్ని వాళ్లు నటి అనుకోలేదు. రెండు వీధుల అవతల ఉన్న మనిషి అనుకున్నారు.

'గుండమ్మ కథ' గురించి మీరూ ఒకసారి ఆలోచించండి. 1962. ఎన్టీ రామారావుకి అది నూరో సినిమా. పక్కన నాగేశ్వరరావు. ఇటు సావిత్రి, అటు జమున, పెద్దాయనగా ఎస్వీ రంగారావు. తెలుగుదేశమంతా ప్రాణం పెట్టే ఇద్దరు హీరోలు ఒకే సినిమాలో ఉంటే, దానికి గయ్యాళి సవతితల్లి పేరు పెట్టారు నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. పెడితే ఇద్దరు హీరోలూ ఒప్పుకున్నారు. సినిమా చూసినప్పుడు ఆ పేరు ఎంత సరైనదో అర్థమవుతుంది. ఆ కథలో మారాల్సింది గుండమ్మ. హీరోలిద్దరూ ఆవిడ ఇంటికి వచ్చిన అల్లుళ్లు. ఆవిడ చెడ్డదేం కాదు, చేతిలో తాళంచెవులు పోతాయేమోనని భయపడే మనిషి. చివర్లో ఛాయాదేవి వచ్చి ఆవిడ మీద పెత్తనం చేస్తుంటే, అప్పటిదాకా తిట్టుకున్న ఆడవాళ్లే తడికవతల "పాపం గుండమ్మ" అన్నారు. సూర్యకాంతం పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడం మానేశారని అంటారు గదా, దాన్ని ఆవిడ చెడ్డతనానికి గుర్తుగా చెప్తారు. నాకు మాత్రం, ఆ పేరు ఆవిడొక్కదానిదే అని తెలుగువాళ్లు ఒప్పేసుకున్నారనిపిస్తుంది.

'మాయాబజార్' సంగతికొస్తాను. దాని గురించి చెప్పనివాళ్లు లేరు, అయినా నేనూ చెప్తాను. ఒక విషయం మీకు తట్టిందో లేదో. భారతకథ అది, అందులో పాండవులు ఒక్కరూ కనిపించరు. ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు, ద్రౌపది లేదు. మూడుగంటలసేపు వాళ్లు గుర్తే రారు. మనకి అయిదుగురు వీరులు తగ్గితే, దానికి బదులు ఎంతమంది మనుషులు వచ్చారో చూడండి. ఘటోత్కచుడి తల్లి హిడింబగా సూర్యకాంతం. ఘటోత్కచుడి ఆశ్రమంలో రమణారెడ్డి చినమయ, ఆయన వెంట లంబూ జంబూ. డబ్బూ దర్పం చూసి మనసు మారిపోయే అత్తగారు రేవతిగా ఛాయాదేవి. చెల్లెలికిచ్చిన మాటకీ పెళ్లాం మాటకీ మధ్య నలిగే అన్నగారు గుమ్మడి. శకుని సి.ఎస్.ఆర్. పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడుగా రేలంగి. వీళ్లలో ఎవరిని తీసేసినా కథలో ఒక గోడ కూలినట్టుంటుంది.

నాకన్నిటికన్నా ఇష్టమైన చోటు అందరికీ ఇష్టమైనదే, పెళ్లి వంటలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే కూర్చుని తినే పాట. గొంతు మాధవపెద్ది సత్యంది, ఒళ్లు రంగారావుది, రెండూ ఒకే మనిషివనిపిస్తాయి. దాంతోపాటు ఇంకొకటి కూడా చూడమంటాను. విడిదిలో శర్మ, శాస్త్రి వంటల గురించి వాకబు చేస్తూ గోంగూర ఊసెత్తే ముచ్చట. కథకి దాంతో పనిలేదు. తీసేస్తే ఎవరికీ తెలీదు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు దాన్ని ఉంచారు, కె.వి.రెడ్డి దానికి రీలు ఖర్చుపెట్టారు. ద్వాపరయుగంలోకి గోంగూర రాగానే ఆ పెళ్లి మన పెళ్లైపోయింది. అసమదీయులు, తసమదీయులు, గింబళి, గిల్పం అనే మాటలు కూడా ఆ పక్కమనుషుల కోసం పుట్టినవే. అభిమన్యుడికీ శశిరేఖకీ అవేం అక్కర్లేదు, వాళ్లకి ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెన్నెల ఇచ్చాడు, అది చాలు.

2010లో దానికి రంగులు వేసి వదిలారు. మా అమ్మాయిని తీసుకెళ్లాను. చాలామంది పెద్దలకి రంగులు నచ్చలేదు. నాకూ ఆ వెన్నెల తెలుపునలుపుల్లోనే చల్లగా ఉంటుంది. కానీ హాల్లో నా పక్కన పదేళ్ల పిల్లలు తెరలు తెరలుగా నవ్వుతుంటే, ఆ రంగుల మీద నాకు కోపం నిలవలేదు. యాభైమూడేళ్ల కిందటి సినిమాకి టిక్కెట్టు కొనుక్కుని పిల్లలు నవ్వుతున్నారు, ఇంకేం కావాలి?

ఇంతమంది మంచి నటులు ఆ రోజుల్లో ఎక్కణ్ణుంచి వచ్చారని మా మేనకోడలు అడిగింది. నాటకాల్లోంచి వచ్చారమ్మా అన్నాను. సి.ఎస్.ఆర్., వంగర, రావుగోపాలరావు, అందరూ రంగస్థలం మీద గొంతు సానపట్టుకున్నవాళ్లే. సోమయాజులుగారు తమ్ముడు రమణమూర్తితో కలిసి 'కన్యాశుల్కం' ఊరూరా ఆడినవారు. రామప్పంతులు వేషం వేసినాయనలో శంకరశాస్త్రిని చూడగలిగిన విశ్వనాథ్ కన్ను ఎలాంటిదో ఊహించండి. పరిషత్తు నాటకాల్లో చివరి వరసవాడిక్కూడా వినపడేలా మాట విరవాలి, పక్కవాడు మాట్లాడుతున్నప్పుడు వినాలి. ఆ వినడం పాత నటుల్లో కనిపిస్తుంది. కెమెరా తమ మీద లేనప్పుడు కూడా వాళ్లు కథలోనే ఉంటారు.

కోట శ్రీనివాసరావు కూడా అలా వచ్చినవారే. మా జిల్లావాడే, కంకిపాడు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడారు. 1987లో జంధ్యాల 'అహ నా పెళ్లంట'లో పిసినారి లక్ష్మీపతి వేశారు. దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే ఆ దృశ్యం తెలియని తెలుగువాడు లేడు. దాన్ని చూసి నవ్వినవాళ్లే అందరూ. నేనూ నవ్వాను. పెద్దయ్యాక చూసినప్పుడు మాత్రం ఆ మనిషి ముఖంలో తృప్తి చూసి ఒళ్లు జలదరించింది. ఆయన నటించింది నవ్వు తెప్పించే పిసినారిని కాదనిపించింది. తనకి నిజంగా కోడికూర రుచి తెలుస్తోందని నమ్మే మనిషిని నటించారు. 2025 జూలైలో ఆయన పోయినరోజు రాత్రి మేమంతా మళ్లీ ఆ సినిమా పెట్టుకున్నాం. జంధ్యాల సినిమాల్లో అందరికీ ఒక్కో పిచ్చి ఉంటుంది. సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు, 'చంటబ్బాయ్'లో కవితలతో, వంటలతో హింసించే శ్రీలక్ష్మి, వీళ్లంతా మన వీధిలో రోజూ ఎదురయ్యేవాళ్లే. పిచ్చిని ఎంత పెంచినా, వాళ్లని చిన్నబుచ్చలేదాయన.

'ముత్యాలముగ్గు' కాంట్రాక్టరు గురించి ఎక్కువ చెప్పను. రావుగోపాలరావు గొంతూ ముళ్లపూడి మాటా మీకు కంఠతా వచ్చే ఉంటాయి. కలాపోసన అనే మాట తెలుగులో స్థిరపడిపోయింది. ఒక్కటి మాత్రం అంటాను. అంతకుముందు విలన్లు అరిచేవారు. ఈ మనిషి సూర్యోదయం చూసి మురుస్తూ చంపిస్తాడు. తర్వాత వచ్చిన తెలుగు దుర్మార్గులందరికీ మాట్లాడ్డం నేర్పింది ఆయనే.

ఇంకో సినిమా ఉంది, అది నవ్వించదు. బి.నర్సింగరావు 'దాసి', 1988. జాతీయ అవార్డులు అయిదు వచ్చాయి. వెతుక్కుని చూడాల్సిన సినిమా. తెలంగాణ గడీలో దాసీగా బతికిన కమలాక్షి కథ, అర్చన వేసింది. మామూలు సినిమాలో అయితే ఆ అమ్మాయి పళ్లెం తెచ్చిపెట్టి వెళ్లిపోతుంది. మనం ముఖం కూడా చూడం. నర్సింగరావు కెమెరాని దొర దగ్గర వదిలేసి, పళ్లెం పట్టుకెళ్లే ఆ అమ్మాయి వెనకాల వంటింట్లోకి, దొడ్లోకి నడిచారు. కళాదర్శకత్వం తోట వైకుంఠం, దుస్తులు పిట్టంపల్లి సుదర్శన్. ఆ గోడలూ ఆ చీరలూ చూస్తుంటే వాసన తెలుస్తుంది. నేను అంతవరకూ పక్కమనుషుల గురించి సరదాగా ఆలోచించినవాణ్ణి. 'దాసి' చూసిన రాత్రి, పక్కన ఉండిపోవడమంటే ఎంత బరువో మొదటిసారి తెలిసింది. సినిమా అయిపోయాక చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

మంట తగ్గింది. ఆ మట్ట ఇటు తొయ్యండి. ఆఁ, చాలు.

మరి ఆ మనుషులంతా తెరమీంచి ఎప్పుడు వెళ్లిపోయారు? నా మటుకు నాకు జవాబు 'శివ' దగ్గర మొదలవుతుంది. 'శివ' తప్పని అనడం లేదు, ఆ సినిమా అంటే నాకు ప్రాణం. 1989 అక్టోబరు 5న వచ్చింది. ఆ వారంలోనే మూడుసార్లు చూశాను. స్టెడీక్యామ్ అనే మాట మేము విన్నది దాంతోనే. ఇళయరాజా వాయించినదానికన్నా, వాయించకుండా వదిలేసిన చోట్లలోనే ఎక్కువ భయం ఉంది. 2025 నవంబరులో మళ్లీ విడుదల చేస్తే మా అబ్బాయితో వెళ్లాను. సైకిల్ చైను తెగిన క్షణాన హాలు హాలంతా లేచి నిలబడింది. పిల్లవాడు నా చెవిలో, "నాన్నా, ఇంత తక్కువ మాట్లాడతాడేంటి హీరో" అన్నాడు ఆశ్చర్యంగా.

ఈసారి నేను చైను కన్నా ఇంటిని చూశాను. శివకి ఒక అన్నయ్య ఉన్నాడు, మురళీమోహన్. వదిన ఉంది. చిన్న పాప ఉంది. ఆ పాపని సైకిలుమీద ఎక్కించుకుని శివ పారిపోయే దృశ్యంలో మనం ఊపిరి బిగబట్టేది ఆ ఇంట్లో మనం కాసేపు కూర్చుని వచ్చాం కాబట్టి. అవతల విలను భవానీకి కూడా ఒక ప్రపంచం ఉంది. మాటలు రాసిన తనికెళ్ల భరణే నానాజీగా ఆ ముఠాలో తిరుగుతుంటాడు. 'శివ' తర్వాత వందల సినిమాలు ఆ చైనుని పట్టుకున్నాయి, ఆ ఇంటిని వదిలేశాయి. ఆ పైన పదేళ్లకి సీమ కక్షల కథలు వచ్చాయి. హీరో వెనకాల వందమంది తెల్లచొక్కాలతో నిలబడేవారు. ఆ వందమందిలో ఒక్కడికీ పేరుండదు. ఇంటికెళ్తే వాడికోసం ఎవరు ఎదురుచూస్తారో మనకి తెలీదు. వాడు చచ్చిపోతే హీరోకి కోపం రావడానికి పనికొస్తాడు, అంతే. ఊరు పోయి గుంపు వచ్చింది.

ఇప్పుడు ఒకే సినిమాని అయిదు భాషల్లో ఒకేరోజు విడుదల చేస్తున్నారు. దాని లాభం దానికుంది. కానీ దానివల్ల ముందుగా దెబ్బతిన్నది పక్కమనుషులే అని నా బాధ. హీరో కొట్టే దెబ్బని డబ్బింగు చెయ్యక్కర్లేదు. శర్మ, శాస్త్రి గోంగూర ముచ్చటని ఏ భాషలోకి మారుస్తారు? సుత్తి వేలు మాటని ఎలా మారుస్తారు? మారనిదాన్ని రాయడం మానేశారు. యాసతో, సామెతతో, ఎత్తిపొడుపుతో బతికే మనుషులకి అక్కడ చోటు తగ్గింది.

పెద్ద సినిమా అయితే మనుషులు ఉండరని కాదు సుమండీ. రాజమౌళి 'బాహుబలి' చూడండి. 2015 జూలై 10న మొదటి భాగం వచ్చింది, 2017 ఏప్రిల్ 28న రెండోది. మధ్యలో ఇరవయ్యొక్క నెలల పైచిలుకు దేశం దేశమంతా ఒకటే ప్రశ్న అడిగింది, బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని. రాజు గురించి కాదు, రాణి గురించి కాదు, సింహాసనానికి ఊడిగం చేసే ఒక ముసలి బానిస మనసులో ఏముందని అడిగింది. జలపాతాలూ కోటలూ కంప్యూటర్లో కట్టొచ్చు, కట్టప్పని కట్టాలంటే రాయాలి. శివగామి, బిజ్జలదేవుడు కూడా అంతే. రెండు భాగాలూ కలిపి ఈమధ్య ఒకటే సినిమాగా వదిలితే మళ్లీ చూశాను. మూడుముప్పావు గంటలు. ఎక్కడా కదలబుద్ధి కాలేదు. 'ఆర్ఆర్ఆర్' ఇద్దరి స్నేహం నాకిష్టం, కీరవాణి, చంద్రబోస్ ఆస్కారు అందుకున్న పొద్దున మా ఇంట్లో పాయసం చేశాం. అయినా ఆ సీతకి ఇంకో నాలుగు దృశ్యాలుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

'పుష్ప' గురించి పిల్లలతో నిన్న పెద్ద వాదనే అయింది. 2021 నాటి మొదటి భాగం నాకు చాలా నచ్చింది. చిత్తూరు యాస తెర నిండా వినిపించింది. కూలివాడి భుజం, పక్కన కేశవ, కొడుకు కోసం మాటలు పడే అమ్మ, మంగళం శ్రీను, దాక్షాయణి. అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి. ఆ రోజు నాకు తాతగారే గుర్తొచ్చారు. రెండో భాగం కొచ్చేసరికి పుష్ప పెరిగిపోయాడు, చుట్టూ ఉన్నవాళ్లు అంతకంతకీ చిన్నవాళ్లైపోయారు. నటుడి కష్టంలో లోటు లేదు. జాతర ఘట్టంలో ఆయన ఒంటిమీదికి దేవతని తెచ్చుకున్నాడు. కానీ మొదటి భాగంలో పక్కపక్కనే నడిచిన కేశవ రెండోదాంట్లో వెనకాల నిలబడ్డాడు. మా అబ్బాయి ఒప్పుకోలేదు. నేనూ మార్చుకోలేదు.

తెరమీంచి పోయిన ఆ పక్కమనుషులు తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. 2018 సెప్టెంబరు. 'కేరాఫ్ కంచరపాలెం' చూడ్డానికి వెళ్లాను. హాల్లో పాతికమందిమి ఉన్నామేమో. విశాఖలోని ఆ వాడని దర్శకుడు వెంకటేశ్ మహా తీసుకొచ్చి తెరమీద కూర్చోబెట్టాడు. నటించినవాళ్లలో చాలామంది అక్కడివాళ్లే, కెమెరా ముఖం ఎరగనివాళ్లు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండరు రాజుగా సుబ్బారావు. వాడ వాడంతా ఆయన పెళ్లి గురించి మాట్లాడుతుంటే, ఆయన పనిచేసుకుంటూ చిన్నగా నవ్వుతాడు. కథలన్నీ చివర్లో ఒక్కచోటికి వచ్చే క్షణం ఉంది, చూడనివాళ్ల కోసం చెప్పను. ఆ క్షణాన పాతికమందిమీ ఒకళ్ల ముఖాలు ఒకళ్లం చూసుకున్నాం, ముక్కూముఖం తెలియనివాళ్లం. డేరాలో రీలు మార్చేటప్పుడు వెలిగిన దీపాల్లాగా ఉంది నాకు.

తర్వాత 'బలగం'. 2023 మార్చి. దర్శకుడు వేణు యెల్దండి అంతకుముందు టీవీలో నవ్వించిన మనిషి. సిరిసిల్ల వైపు పల్లె, కొమురయ్య అనే ముసలాయన చావు, పదకొండు రోజుల తంతు, పిట్ట ముట్టదు. అంతే కథ. ఆ ఇంట్లో అల్లుడికీ బామ్మర్దులకీ ఏళ్ల తరబడి మాటల్లేకపోవడానికి కారణం ఒక నల్లిబొక్క. విందులో అది తన పళ్లెంలో పడలేదని అల్లుడు అలిగాడు. 'మాయాబజార్'లో పెళ్లి వంటలన్నీ ఒక్కడు తింటే నవ్వాం. ఇక్కడ ఒక్క ముక్క దక్కకపోతే బంధుత్వం తెగింది. రెండూ మన ఇళ్లే. బయటివాళ్లకి అది చిన్న విషయంలా ఉంటుంది. మనకి తెలుసు, పెళ్లిలో ఎవరికి ముందు వడ్డించారు, ఎవరిని పిలవడం మరిచిపోయారు అన్న దగ్గరే ఎన్ని ఇళ్లు విడిపోయాయో. ప్రియదర్శి పేరుకి హీరో. కానీ ఏ పదినిమిషాలకి ఎవరు హీరో అవుతారో చెప్పలేం. చివర కొమురమ్మ, మొగిలయ్య బుర్రకథలా పాడుతూ ఆ కుటుంబాన్ని నిలదీస్తుంటే, పంచలో ఉన్న అందరి తలలూ వంగిపోతాయి. కాసర్ల శ్యామ్‌కి ఈ సినిమాలోని పాటకి జాతీయ అవార్డు రావడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందు తెరకట్టి ఊరంతా కలిసి 'బలగం' చూశారు. పేపర్లో ఆ ఫొటో చూసి కత్తిరించి దాచుకున్నాను. చాపలు, పిల్లలు ఒళ్లో, ముసలివాళ్లు మంచాలమీద. తడిక ఒక్కటే లేదు.

మొన్న 2025లో వచ్చిన 'కోర్ట్' కూడా అదే దారి. రామ్ జగదీశ్ అనే కొత్త దర్శకుడు. పోక్సో చట్టం, టీనేజి పిల్లల ప్రేమ, పరువు పట్టుకున్న పెద్దలు. శివాజీ వేసిన మంగపతి గురించి మీతో తప్పకుండా మాట్లాడాలి. కత్తి పట్టుకోడు, ముఠా లేదు. ఇంట్లో ఆడవాళ్లు పైకి చూస్తే చాలు, వాళ్లు తల దించేదాకా ఊరుకోడు. హాల్లో నా వెనక కూర్చున్న ఒకావిడ "మా మావయ్య" అని గొణిగింది. డేరాలో గుండమ్మని చూసి "మా ఆడబిడ్డే" అన్న గొంతు అరవయ్యేళ్ల సినిమాని దాటి మళ్లీ వినపడినట్టైంది. నటుడికి ఇంతకన్నా పెద్ద అవార్డు ఉందా? అలాగని అన్నీ అలా లేవు. చిన్న సినిమా పేరుతో వచ్చి, పల్లెని బొమ్మలా చూపించి, యాసని ఎగతాళికి వాడుకునేవి బోలెడు. అలాంటివి ఇంటర్వెల్లోనే వదిలేసి వస్తాను.

ఒకప్పటి నాటక పరిషత్తుల స్థానంలో ఇప్పుడు యూట్యూబు వచ్చింది. తరుణ్ భాస్కర్ అలా షార్టుఫిల్ములు తీసుకుంటూనే 2016లో 'పెళ్లిచూపులు' తీశాడు, దానికీ జాతీయ అవార్డులొచ్చాయి. 'లిటిల్ హార్ట్స్' కుర్రాడు మౌళి కూడా ఫోను తెరమీంచి హాలు తెరమీదికి వచ్చినవాడే. వీళ్లు రంగస్థలం ఎక్కలేదు గానీ, స్నేహితులు ఎలా మాట్లాడుకుంటారో, నాన్నలు ఎలా తిడతారో చెవులారా విన్నారు. ఆ చెవులమీద నాకు చాలా ఆశ ఉంది.

రాత్రి పడుకోబోతూ మా మేనకోడలు మళ్లీ వచ్చింది. "మామయ్యా, ఆ శర్మా శాస్త్రీ సీను ఎక్కడుందో చూపించు" అంది. ఫోనులో చిన్నగా చూపించడం నాకిష్టం లేదు, తర్వాత చూద్దాంలే అన్నాను. పొద్దున్నే మా అబ్బాయి ఎవరి దగ్గరో ప్రొజెక్టరు అడిగి తెచ్చాడు. పశువులశాల గోడ సున్నం కొట్టించి తెల్లగా ఉంది, దుప్పటి కూడా అక్కర్లేదు. రేపు చీకటి పడగానే 'మాయాబజార్' వేస్తాం. పక్కింటి అత్తయ్యగారు గారెలు చేసి తెస్తానన్నారు. మీరు తప్పకుండా రండి, పేర్లు పడకముందే రండి. చాపలు మా ఇంట్లో చాలినన్ని ఉన్నాయి.